మంచివాళ్ళేనండీ

ఫిబ్రవరి 3, 2003

వాకబు పూర్తయింది. ఇక ఈ సంబంధం గురించి ఎవరూ నాకేమీ చెప్పనక్కర్లేదు.

ఈశ్వరప్రసాద్ గారు మా సింధూరికి తెచ్చిన సంబంధం ఏలూరుది. కుర్రాడి పేరు కళ్యాణ్. తండ్రి లేడు. తల్లి మాణిక్యం గారు, కొడుకు, సొంత ఫాన్సీ షాపు. సంబంధాలు కుదర్చడమే ఈశ్వరప్రసాద్ గారి పని కాబట్టి ఆయన మాటల్లో సగం తీసెయ్యాలి. మా ఆయన ఉల్లిపాయల బస్తా కొనేటప్పుడు అడుగుదాకా చెయ్యి పెట్టి చూస్తారు గానీ, మనుషుల దగ్గరికొచ్చేసరికి పైన కనిపించిందే నమ్మేస్తారు. అందుకే ఈ ఇంట్లో వాకబు నా పని. మా తోటికోడలి కూతురి సంబంధంలోనూ, మా అన్నయ్య కొడుకు సంబంధంలోనూ నేను అడుగుపెడితేనే నిజాలు బయటపడ్డాయి. వాళ్ళు ఆ మాట ఒప్పుకోరు, అది వేరే సంగతి.

అదృష్టమేమిటంటే వాళ్ళిల్లు మా షంషున్నీసా ఉండే వీధిలోనే. ఏలూరులో ఆరో క్లాసు నుంచీ మేమిద్దరం ఒకే బెంచీ. దాని భర్త సలాం గారు తివాచీలు నేస్తారు. షంషు నాకు అబద్ధం చెప్పదు. పౌడరు ఎక్కువైతే ఎక్కువైందే అని బస్టాండులో అందరూ వినేలా చెప్పిన మనిషి. వాళ్ళు ఆ ఇంటికి మారాక నేను వెళ్ళలేదు గానీ, అదే వచ్చి పోతూ ఉంటుంది.

దానికి ఇంట్లో ఫోను లేదు, పక్కింటివాళ్ళ పీపీ నంబరే. ఎవరో పెద్దావిడ ఎత్తుతుంది. మర్యాదస్తురాలు, ఎప్పుడు చేసినా విసుక్కోదు. ఈ రోజు కూడా, ఉండండమ్మా పిలిపిస్తాను అంది. షంషు రాగానే నేను నాన్చకుండా అడిగేశాను. మీ వీధిలో ఫాన్సీ షాపు మాణిక్యం గారి కుటుంబం ఎలాంటిదే, కుర్రాడు ఎలాంటివాడే అని. అది ముందు గొంతు సవరించుకుంది. తర్వాత, “మంచివాళ్ళేనండీ. చాలా మంచి కుటుంబమండీ,” అంది.

నన్ను పట్టుకుని అండీ అట! చిన్నప్పటి నుంచీ ఒసేయ్ అని పిలిచే మనిషి. కూతురి పెళ్ళి చేయబోతున్నానని నాకు పెద్దరికం అంటగడుతోంది కాబోలు. అలాగేనండీ షంషున్నీసా గారూ అని నేనూ ఆట పట్టించాను. అది నవ్వలేదు. పొయ్యి మీద ఏదో ఉందని పెట్టేసింది.

సింధూరికి ఇరవై నాలుగని చెప్పాం. ఇరవై ఆరంటే ఇన్నాళ్ళూ ఎందుకాగారని ఆరా తీస్తారు. ఇది అబద్ధం కిందకి రాదు, సంబంధాలకు చెప్పే వయసు ఎక్కడైనా వేరే ఉంటుంది. పొంతన పేరు బలం మీదే చూశారు కాబట్టి పుట్టినతేదీ గొడవ లేదు.

ఫిబ్రవరి 9

పెళ్ళిచూపులు దివ్యంగా జరిగాయి. కుర్రాడు బంగారం. మాట్లాడితే పక్కగదికి కూడా వినబడదు. ఏలూరు నుంచి తల్లితో బస్సులో వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా బండి నడపడట. షాపుకు కూడా నడిచే వెళ్తాడట. ఈ రోజుల్లో మోటారు సైకిళ్ళేసుకుని రోడ్లన్నీ మావేనన్నట్టు తిరిగే కుర్రాళ్ళని చూస్తున్నాం కదా, ఎంత నెమ్మదైనవాడో దీన్నిబట్టే తెలుస్తోంది.

డాబా మీద కాసేపు మాట్లాడుకోనిచ్చాం. ఇప్పుడదొక ఫ్యాషను. దిగొచ్చాక సింధూరి మొహం ఎర్రగా ఉంది. ఎండ. వాళ్ళు వెళ్ళాక “అమ్మా, ఒక మాట చెప్పాలి,” అంటూ నా వెనకే వంటింట్లోకి వచ్చింది గానీ, పట్టుచీర కొంగు నూనెలో పడేలా ఉంది, ముందు ఆ చీర మార్చుకురా అన్నాను. తర్వాత పిన్నత్తగారు వచ్చారు, ఇక సరి. దాన్ని అడగాల్సిన పనేముంది, ఇష్టమేనని మొహంలోనే కనిపిస్తోంది.

మాణిక్యం గారు నన్ను చూసి, మీ గొంతు నాకు బాగా అలవాటైన గొంతులా ఉందండీ అని ఒకటే నవ్వడం. చనువైన మనిషి.

ఇల్లు చూడటానికి ఆయనా, ఈశ్వరప్రసాద్ గారూ బుధవారం వెళ్తారట.

ఫిబ్రవరి 14

పెంటపాడు వెళ్ళి అందరినీ తాంబూలాలకు పిలిచి వచ్చాను. ఈలోపు షంషు వచ్చి వెళ్ళిందట. పీటల ముందు పరుచుకోమని చిన్న తివాచీ ఇచ్చి వెళ్ళింది. ఎంత బాగుందో. కానీ ఇంత దూరం వచ్చిన మనిషి నేను వచ్చేదాకా కూర్చోలేకపోయిందా? ఏమైనా చెప్పిందా అంటే సింధూరి, కొద్దిసేపు మాట్లాడుకున్నామమ్మా అంది. వీళ్ళకేం మాటలుంటాయో.

ఫిబ్రవరి 23

తాంబూలాలు అయ్యాయి. వైశాఖంలో పెళ్ళి.

షంషు భోజనాల దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “నీకింత పెద్ద మనసుందని నాకిన్నాళ్ళూ తెలీదే రత్నం,” అంది. దాని కళ్ళలో నీళ్ళు. వాళ్ళమ్మాయి హుమాకూ నేను చీర పెట్టాను, అందుకయి ఉంటుంది.

మార్చి 16

మాణిక్యం గారికి కొల్లేటికోట అమ్మవారి మొక్కు ఉందట, మమ్మల్నీ రమ్మన్నారు. పడవ మీద వెళ్ళాం. కొల్లేటి నీళ్ళు చూస్తే నాకెప్పుడూ కళ్ళు తిరుగుతాయి. చేపల చెరువుల గట్లు ఎక్కడ చూసినా లేచి, అసలు సరస్సెక్కడో, చెరువెక్కడో తెలియడం లేదు.

పడవలో కూర్చున్నంతసేపూ మాణిక్యం గారు కొడుకు చొక్కా వెనకనుంచి పట్టుకునే ఉన్నారు. అంచున కూర్చోనివ్వలేదు. అమ్మవారి దగ్గర కళ్ళు మూసుకుని ఎంతసేపు నిలబడ్డారో. కొడుకంటే అంత ప్రాణం. సింధూరి కూడా ఏమనుకుందో, ఆవిడ పక్కన తనూ కళ్ళు మూసుకుని నిలబడింది. అత్తాకోడళ్ళు ఇప్పుడే ఇలా కలిసిపోతే నాకింకేం కావాలి.

ఏప్రిల్ 6

దగా. ఇంకో మాట లేదు.

జరిగింది రాయాలి. గణపవరంలో మా మేనత్త మనవరాలి వోణీల ఫంక్షనుకు వెళ్ళాను. భోజనాలయ్యాక ఏలూరు నుంచి వచ్చిన రాజరత్నం గారని ఒకావిడ, ఇదివరకు పరిచయం లేదు, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మీ అమ్మాయినేనా కళ్యాణ్‌కిస్తున్నారు అంది. అవునన్నాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టేసుకుంది.

“ఎంత మంచివాళ్ళండీ మీరు. ఫిట్సున్న కుర్రాడికి తెలిసి తెలిసి ఎవరిస్తారండీ పిల్లని?”

నేనేం చేశానో రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది. నవ్వాను. “ఏదోలెండి, అంతా ఆ దేవుడి దయ,” అన్నాను. ఇలాంటి విషయం నాకు తెలియదని ఆ మనిషికి తెలియకూడదు. ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది, షాపులోనే ఒకసారి పడిపోయాడట, విజయవాడ డాక్టరు మందులిస్తున్నాడట, బండి నడపొద్దన్నాడట. వీధి వీధంతా తెలుసట! వీధి వీధంతా!

నెమ్మదైనవాడనుకున్నాను నేను. బండి నడపనందుకు మెచ్చుకున్నాను.

బస్సులో వస్తుంటే పక్కన చేపల ట్రేలు. ఆ వాసన కూడా నాకు తెలియలేదు, అంత కోపం. మాణిక్యం గారిని అనడానికేముంది, కొడుకు పెళ్ళి కావాలి, దాచింది. ఈశ్వరప్రసాద్ గారు ఎలాగూ సగం మనిషే. కానీ షంషు! అదే వీధిలో ఉంటూ, సూటిగా అడిగితే, చాలా మంచి కుటుంబమండీ అంటుందా? ఒక్క కంచంలో అన్నం తిన్నాం. జ్వరమొస్తే మా అమ్మ దానికి జావ తాగించింది. నా బిడ్డ గొంతు కోయడానికి దానికి నోరెలా వచ్చింది?

పైగా నీది పెద్ద మనసు అని నన్ను మెచ్చుకోలు! నా మొహం మీదే!

ఏప్రిల్ 7

ఆయనకు చెప్పాను. అన్నం ముందునుంచి లేచిపోయారు. తిరిగొచ్చి ఒకే మాట అన్నారు. ఈ పెళ్ళి జరగదు. శుభలేఖలు అచ్చయితే అవనీ, చింపి పారేద్దాం. ఆవిడకి నువ్వే ఫోను చేసి చెప్పు, వాకబు చేసింది నువ్వు కదా, మాట నువ్వే వెనక్కి తీసుకో అన్నారు.

ఆ ఎత్తిపొడుపు నాకు తగిలింది. తగలాలనే అన్నారు. ముప్పై ఏళ్ళు కాపురం చేశాక కూడా మనిషి పడిపోయినప్పుడే తన్నాలనిపిస్తుంది వీళ్ళకి.

సింధూరి స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చేసరికి ఆయన వరండాలో తిరుగుతున్నారు. దానికి ఇంకా ఏమీ చెప్పలేదు. పాపం, కుట్టించుకున్న జాకెట్లు చూసుకుంటోంది. దాని మొహం చూడలేకపోయాను.

రేపు ముందు షంషు సంగతి తేలుస్తాను. మాణిక్యం గారి సంగతి తర్వాత.

ఏప్రిల్ 8

పోట్లాడి వచ్చాను. పోట్లాటలా లేదు అది. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

మాణిక్యం గారి కంట పడకూడదని కొంగు నెత్తి మీద కప్పుకుని షంషు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ముందుగదిలో మగ్గం. సలాం గారు నేతలో ఉన్నారు. నన్ను చూసి లేచి, రండి రత్నం గారూ, ఎన్నాళ్ళకండీ అన్నారు. నా మొహం చూసి, టీ ఆకు తెస్తానని వెళ్ళిపోయారు.

షంషు రాగానే గొంతు పెంచాను. నీకు తెలుసా తెలియదా ఆ కుర్రాడి సంగతి అని అరిచాను. అది ఒక్క ఉదుటున వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. వేలెత్తి గోడ చూపించింది.

“నువ్వు ఆ రోజు ఫోను చేసింది ఎవరింటికే రత్నం?” అని గుసగుసగా అడిగింది.

మీ పక్కింటికి అన్నాను.

“మా పక్కిల్లు ఎవరిదే?”

నేను గోడకేసి చూశాను. మధ్యలో ఒకటే గోడ. అవతల ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఇంతకాలం నేను చేసింది మాణిక్యం గారింటికి. ఆవిడతో కబుర్లన్నీ ఈశ్వరప్రసాద్ గారి చేతే నడిచాయి కాబట్టి ఆవిడ నంబరు నేనెప్పుడూ అడగలేదు. ఉండండమ్మా పిలిపిస్తాను అనే ఆ గొంతు మాణిక్యం గారిది. మీ గొంతు అలవాటైనదండీ అని నవ్వింది అందుకు. వాళ్ళ హాల్లో, వాళ్ళ ఫోనులో, ఆవిడ పక్కన కూర్చుని వత్తులు చేసుకుంటూ ఉండగా, నేను షంషుని మాణిక్యం గారి కుటుంబం ఎలాంటిదే అని అడిగాను. గట్టిగా. నా గొంతు ఫోనులో మరీ గట్టిగా ఉంటుందని అందరూ అంటారు.

“నేను నిన్ను అండీ అన్నానా లేదా? ఎప్పుడైనా అన్నానా అలా? ఒక్క మాట అది, నీకు తప్ప ఇంకెవరికీ తెలియకుండా. రత్నానికి తెలిసిపోతుంది, ఏదో ఉందని పరిగెత్తుకొస్తుంది అనుకున్నాను. నువ్వు నవ్వి ఎగతాళి చేశావు.”

అందుకు నేనేం చెప్పను? మర్యాద చేసిందనుకున్నాను. మన వైపు కోపమొచ్చినా అండీ, అబద్ధమాడినా అండీ, పొమ్మన్నా అండీ. అందులో ఏది హెచ్చరికో నాకెలా తెలుస్తుంది? ఆ మాటే అన్నాను, పళ్ళ మధ్యనుంచి. గోడవతల మనిషి ఉండగా పోట్లాడటమంటే ఎంత నరకమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. నేను తిడుతున్నాను గానీ, తిట్టు గుసగుసై గాలిలోనే పోతోంది.

సరే, ఫోనులో చెప్పలేకపోయావు. తర్వాత నోరు పడిపోయిందా అన్నాను. అప్పుడు షంషు నన్ను వింతగా చూసింది.

“అదేంటే? నేను మీ ఇంటికొచ్చి చెప్పాను కదా. నువ్వు లేవు. సింధూరికి చెప్పాను.”

దేవుడా.

“నాకు తెలుసు పిన్నీ, కళ్యాణే చెప్పాడు అంది. అమ్మకి నేను చెప్తాను, మీరు చెప్పకండి అంది. నేను నమ్మాను. తాంబూలాలకి వస్తే నువ్వు నవ్వుకుంటూ తిరుగుతున్నావు. తెలిసే చేస్తున్నావనుకున్నాను. ఎంత గొప్పదే నా రత్నం అని మా ఆయనతో చెప్పుకుని ఏడ్చాను కూడా.”

షంషు అంటున్నది నాకు వినిపిస్తోంది గానీ లోపలికి పోవడం లేదు. సలాం గారు టీ ఆకు పొట్లంతో గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలా వద్దా అని చూస్తున్నారు. నేను టీ తాగకుండానే వచ్చేశాను. షంషు వీధి చివరిదాకా నా వెనకే వచ్చింది. వెళ్ళి సింధూరి మీద అరవకే అంది. నాకు నీతులు చెప్పొద్దన్నాను.

షంషుది తప్పు లేదని నేను ఒప్పుకోవడం లేదు. మళ్ళీ ఇంకోసారి రావచ్చు కదా.

ఏప్రిల్ 9

సింధూరిని స్కూలుకు వెళ్ళనివ్వలేదు. ఆయన మార్కెట్టుకు వెళ్ళాక తలుపేసి కూర్చోబెట్టాను.

తెలుసా అన్నాను. తెలుసంది. ఎప్పటి నుంచి అన్నాను. పెళ్ళిచూపుల రోజు నుంచి అంది. కళ్ళు దించలేదు కూడా.

డాబా మీద జరిగింది ఇదట. ముందు ఇదే నోరు తెరిచిందట. మావాళ్ళు ఇరవై నాలుగని చెప్పి ఉంటారు, నాకు ఇరవై ఆరు, అది మీరు తెలుసుకుని ఒప్పుకుంటే మంచిది అందట. అడిగాడా? అడగలేదు! అడగకుండానే చెప్పిందట! ఇంట్లో పెద్దవాళ్ళం పది రకాలుగా ఆలోచించి ఒక మాట అనుకుంటే, డాబా మీద దాన్ని గాలికి వదిలేసింది. ఆ కుర్రాడు చాలాసేపు పిట్టగోడ పట్టుకుని నిలబడి, నాకు ఫిట్స్ వస్తాయండీ, మా అమ్మ చెప్పొద్దంది, మీరు నిజం చెప్పాక నేను దాచలేను అన్నాడట. చివరిసారి వచ్చి రెండేళ్ళు దాటిందట, మందులు మానకూడదట.

కన్నతల్లికి చెప్పాలనిపించలేదా అన్నాను. నా గొంతు ఇల్లంతా మోగింది. ఈ ఇంటికి ఉమ్మడి గోడ లేదు, ఎంతైనా అరవచ్చు. నిన్ను నమ్ముకుని నేను ఊరంతా అడుక్కుతిన్నట్టు తిరిగి వాకబు చేస్తే, నా వెనక ఇంత నాటకం ఆడతావా అన్నాను. ఇంకా ఏమేం అన్నానో రాయను.

అది విన్నంతసేపు వింది. తర్వాత చెప్పింది.

“ఆ రోజే చెప్పబోయానమ్మా. చీర మార్చుకోమన్నావు. తర్వాత నాకే భయమేసింది, చెబితే ఆపేస్తావని. దాచాను, తప్పే. కానీ నువ్వు షంషు పిన్నిని అడిగావు, ఈశ్వరప్రసాద్ గారిని అడిగావు. బస్సులో కనిపించిన ఏలూరు వాళ్ళనల్లా అడిగావు. నన్ను మాత్రం అడగలేదు. నీకు ఇష్టమేనా అని కూడా.”

అడిగాననే అన్నాను. ఎందుకడగను, తల్లిని.

డైరీ వెనక్కి తిప్పి చూశాను. అడిగినట్టు ఎక్కడా లేదు. అన్నీ రాస్తామా ఏమిటి.

ఏప్రిల్ 10

  పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. ముగ్గురం తిన్నాం, ఎవరూ ఏమీ అనలేదు.

ఏప్రిల్ 11

శ్రీరామనవమి. పందిట్లో ఎదురైన ప్రతి మనిషీ పెళ్ళి పనులు ఎంతవరకొచ్చాయండీ అని అడిగారు. జరుగుతున్నాయండీ అన్నాను. పానకం గ్లాసు పట్టుకుని అందరి ముందూ నవ్వుతూ నిలబడ్డాను. ఒక్కరికైనా నా మొహం చూస్తే అనుమానం రాలేదు. అంత బాగా వచ్చు నాకు.

ఇంటికొచ్చాక ఆయన, ఫోను చేశావా అన్నారు. పండగ పూట ఎలా చేస్తానన్నాను. సోమవారంలోగా చెయ్యకపోతే నేనే చేస్తాను, నేను చేస్తే మర్యాదగా ఉండదు అన్నారు. సింధూరికి అన్నీ ముందే తెలుసని ఆయనకి ఇంకా చెప్పలేదు. ఎవరిని కాపాడుతున్నానో నాకే తెలియడం లేదు.

ఏప్రిల్ 13

సింధూరి డాబా మీద వడియాలు తిరగేస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఈ ఊళ్ళో సగం ఇళ్ళ కూపీలు లాగిన దాన్ని, కన్న కూతుర్ని ఒక ప్రశ్న అడగడానికి నోరు పెగలలేదు. చివరికి, నీకు భయం లేదా అన్నాను.

“ఉందమ్మా,” అంది.

తడుముకోలేదు. నాకేం భయం అంటుందనుకున్నాను, అంటే తిడదామని సిద్ధంగా ఉన్నాను. ఉందనేసరికి ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నాను.

తనే చెప్పింది. అతను స్కూలుకు ఫోను చేస్తాడట. పడిపోతే ఏం చెయ్యాలో అతన్నే అడిగి తెలుసుకుందట. పక్కకి తిప్పి పడుకోబెట్టాలట, నోట్లో ఏమీ పెట్టకూడదట, చేతిలో తాళాలు పెట్టడం లాంటివి అనవసరమట. వంటింట్లోనో, రోడ్డు మీదో జరిగితే ఎలాగని రోజూ అనుకుంటుందట. ఇవన్నీ నా కూతురు ఒక్కతే మనసులో పెట్టుకుని, నేను జాకెట్ల కొలతల గురించి సణుగుతుంటే తల ఊపుతూ తిరిగింది.

మరి ఎందుకే అన్నాను.

“దాచితే పెళ్ళయిపోయేదమ్మా అతనికి. అయినా చెప్పాడు. రేపు ఏదొచ్చినా నాకు చెప్తాడు. మన ఇంట్లో ఎవరు ఏది నిజం చెప్తున్నారో కనిపెట్టుకుంటూ పెరిగాను. నాకు ఓపిక లేదు.”

మన ఇంట్లో అంది. ఇంకొకప్పుడైతే చెంప పగిలేది. మండుతోంది, ఇప్పటికీ మండుతోంది ఆ మాటకి. కానీ ఏ మాట తప్పని చెప్పాలో వెతుక్కుంటుంటే దొరకలేదు. ఇద్దరం వడియాలు తిరగేశాం. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అది చూసి కూడా చూడనట్టు ఊరుకోలేదు, నా భుజం మీద చెయ్యి వేసింది.

ఏప్రిల్ 14

ఆయన షాపుకు వెళ్తూ, ఈ రోజు సోమవారం అని గుర్తుచేశారు.

ఫోను దగ్గర కూర్చున్నాను. ఏమేం అనాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను. మీరు ఆడమనిషేనా, మీకు కూతురుంటే ఇలాగే చేస్తారా, అమ్మవారి ముందు నిలబడి కూడా అబద్ధమేనా. నంబరు నొక్కాను. అదే గొంతు. నా గొంతు వినగానే, షంషున్నీసాని పిలిపించమంటారా వదినగారూ అని నవ్వుతూ అడిగింది.

మీతోనే మాట్లాడాలండీ అన్నాను. అబ్బాయికి ఫిట్సున్నాయటగా అన్నాను.

“అబ్బెబ్బే, ఎవరు చెప్పారండీ? అలాంటిదేం లేదండీ. చిన్నప్పుడెప్పుడో జ్వరానికి ఒకసారి...”

ఎంత తియ్యగా చెప్పిందో! రాజరత్నం గారితో నేనూ ఇంత తియ్యగానే మాట్లాడి ఉంటాను. ఒళ్ళు మండిపోయింది, ఆవిడ మీదో, నా మీదో.

“మాణిక్యం గారూ, మీ అబ్బాయే చెప్పాడండీ. పెళ్ళిచూపుల రోజే మా అమ్మాయికి చెప్పేశాడు.”

  ఎవరు చెప్పారన్నారు అని మళ్ళీ అడిగింది. మీ కళ్యాణేనండీ అన్నాను. అప్పుడు ఏడుపు వినిపించింది. ఇదివరకు రెండు సంబంధాల్లో వాడే చెప్పేశాడట. ఒక చోట కాఫీ కూడా ఇవ్వకుండా లేచి వెళ్ళిపొమ్మన్నారట. ఈసారి చెప్పనని తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడట. ఆ ఒట్టు నమ్ముకుని ఆవిడ ఇన్నాళ్ళూ మాకు పసుపు కుంకుమలు పంపింది, పడవలో వాడి చొక్కా పట్టుకుని కూర్చుంది.

ఇద్దరు తల్లులం. చెరో బిడ్డని కన్నాం, చెరో అబద్ధం మోశాం. వాళ్ళు మమ్మల్ని ఇద్దరినీ పక్కనబెట్టి, నిజాలు చెప్పుకుని చక్కగా దిగొచ్చారు. సిద్ధం చేసుకున్న తిట్లన్నీ వదిలేశాను. 

ఏడుపు ఆపుకుని ఆవిడ చాలా చిన్నగా అడిగింది.

“చెప్పాక కూడా మీ అమ్మాయి ఒప్పుకుందా అండీ?”

ఆ గొంతు నేనింతకు ముందు వినలేదు. అందులో మర్యాద లేదు, తీపి లేదు. కొడుకుని ఎవరైనా కావాలనుకుంటారా అని నిజంగా తెలియక అడుగుతున్న తల్లి గొంతు.

“ఒప్పుకుందండీ,” అన్నాను. “నేనింకా ఒప్పుకోలేదు. మా ఆయన అసలు ఒప్పుకోలేదు. రేపు ఇద్దరం వస్తున్నాం. మందుల చీటీలన్నీ బయట పెట్టండి. అబ్బాయిని షాపుకు పంపకండి, నేను అడగాల్సింది అతన్ని. మీరు మాత్రం మధ్యలో ఒక్క మాట మాట్లాడకూడదు. అడిగాక నేనూ మాట్లాడను.”

అలాగే అంది. అండీ లేదు, వదినగారూ లేదు, వట్టి అలాగే.

ఇప్పుడు షాపుకు వెళ్ళి ఆయనకు మొత్తం చెప్పాలి, మొదటి నుంచీ. బస్తాల మధ్య, కూలీల ముందు అరుస్తారు. అరవనీ.